పలికే పలక: మా మేనకోడలి మాటల బోర్డు, ప్రాజెక్టు డైరీ

మా అక్క కూతురికి 11 ఏళ్ళు. మల్కాజిగిరిలో సర్కారు బడి, ఆరో తరగతి. పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు కండరాలను సరిగ్గా అదుపు చెయ్యలేని స్థితి. చెప్పింది అంతా అర్థమవుతుంది, ఒత్తులు లేని తెలుగు మాటలు చదువుతుంది, లెక్కలంటే ఇష్టం. నోటి కండరాలు అదుపులో ఉండవు కాబట్టి మాట స్పష్టంగా రాదు. ఇంట్లో మాకు పది మాటల్లో ఆరు తెలుస్తాయి, బయటివాళ్ళకు ఒకటో రెండో. కుడిచెయ్యి కొంత అదుపులో ఉంటుంది. వేలికొనతో కాదు, మడిచిన నడిమివేలి కణుపుతో నొక్కుతుంది.

జూన్‌లో బడి తెరిచినప్పుడు తనకోసం ట్యాబ్‌లో మాటల బోర్డు పని మొదలుపెట్టాను: తెర మీద బొమ్మల గడులుంటాయి, గడి నొక్కితే ఆ మాటను ట్యాబ్ పలుకుతుంది. ఇది నాలుగు నెలల లెక్క. మీ ఇంట్లో ఇలాంటి పిల్ల ఉంటే నేను పోగొట్టుకున్న రోజులు మీరు పోగొట్టుకోకూడదని రాస్తున్నాను.

యాప్ గురించి ముందే చెప్తాను. చెన్నైలో పుట్టిన ఆవాజ్, ఐఐటీ బాంబే వాళ్ళ జెల్లో, ఓపెన్ సోర్స్ సీబోర్డ్, మూడూ చూశాను. సీబోర్డ్ తీసుకోవడానికి కారణాలు: ఖాళీ బోర్డు నుంచి మొదలుపెట్టొచ్చు, గడి మీద కనిపించే మాట ఒకటి, పలికే మాట ఇంకొకటి పెట్టుకోవచ్చు, చేసిన బోర్డును ఓపెన్ బోర్డ్ ఫార్మాట్‌లో (ఇలాంటి వేరే యాప్‌లలో కూడా తెరవగలిగే ఫైలుగా) దాచుకోవచ్చు, పీడీఎఫ్‌గా అచ్చు తీసుకోవచ్చు. బొమ్మలు అరసాక్‌వి. స్పెయిన్‌లో అరగోన్ ప్రభుత్వం ఇస్తున్న బొమ్మలవి. వ్యాపారానికి వాడనంత వరకు, ఎవరివో పేరు చెప్పినంత వరకు ఉచితం. మీ పిల్లకు వేరే యాప్ నప్పొచ్చు. స్పీచ్ థెరపిస్టుకు చూపించకుండా డబ్బు మాత్రం పెట్టకండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ వాక్, శ్రవణ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివాళ్ళు అక్కడ అడగొచ్చు.

ఖర్చు ఇప్పటిదాకా: 10.1 అంగుళాల ఆండ్రాయిడ్ ట్యాబ్ 13,800, రబ్బరు కవరు, స్టాండు 900. మొత్తం రూ. 14,700.

దశ 1: ఇంగ్లీషు బోర్డుకు తెలుగు మాటలు పెట్టాను, పనికిరాలేదు

ఇంగ్లీషు బోర్డుల్లో ఎక్కువగా కనిపించే మాటల జాబితా తీసుకుని ఒక్కోదానికి ఒక తెలుగు మాట పెట్టాను. అడ్డంగా 8, నిలువుగా 5, మొత్తం 40 గడులు. రెండు రాత్రుల పని. నాలుగో రోజుకు పాప దాన్ని తనంతట తాను ముట్టుకోవడం దాదాపు మానేసింది. ఎందుకో తేల్చుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది.

1. ‘నేను’, ‘కావాలి’, ‘నీళ్ళు’ నొక్కితే ట్యాబ్ “నేను కావాలి నీళ్ళు” అంది. నేను కావాలి అంటే నన్నెవరో కోరుకుంటున్నారని. మనం ‘నాకు’ అంటాం. ఆకలైనా, నొప్పైనా, భయమైనా, ఇష్టమైనా, తెలిసినా, రాకపోయినా ‘నాకు’తోనే మొదలవుతుంది. పిల్ల రోజంతా చెప్పాల్సినవాటిలో సగం ఇవే. నా బోర్డులో ‘నాకు’ అనే గడే లేదు.

2. ఇంగ్లీషువాళ్ళకు ‘నో’ ఒక్కటి చాలు. మనకు చాలదు. “అన్నం పెట్టాలా?” అంటే వద్దు. “పని చేసినవా?” అంటే లేదు. “ఇది నీ పుస్తకమేనా?” అంటే కాదు. “ఈ లెక్క వచ్చా?” అంటే రాదు. నేను పెట్టినవి ‘కాదు’, ‘ఇష్టం లేదు’ రెండే. ట్యూషన్ చెప్పే అక్క “హోంవర్క్ చేసినవా?” అంటే పాప ‘ఇష్టం లేదు’ నొక్కింది. చెయ్యలేదని చెప్పబోయింది. మొండికేస్తోందని ఆ అక్క అనుకుంది. పాప మొహం ఎర్రబడింది, చెయ్యి వెనక్కి లాక్కుంది. ఆ రోజు మళ్ళీ బోర్డు తియ్యలేదు.

3. ‘తిను’ అని ఒక్క గడి ఉంది. తిన్నదా, తింటదా, తినదా, ఆ గడికి తెలియదు.

4. అన్నిటికంటే పెద్ద తప్పు ఇది. ఆ 40 మాటల్లో 31 అడుక్కునే మాటలే: నీళ్ళు, అన్నం, బాత్రూం, నిద్ర, ఫ్యాన్ వెయ్యి. వాటికి బోర్డు ఎందుకు? మా అక్కకు అవి పాప కళ్ళు చూస్తేనే తెలుస్తాయి. మొదటి వారం రోజుకు సగటున 11 నొక్కులు, అందులో 9 మేం అడిగితే ఇచ్చిన జవాబులు. తనంతట తాను చెప్పింది రోజుకు రెండే మాటలు.

మాటల మొత్తం: 40. పనికొచ్చినవి: 9.

దశ 2: వేలు ఎక్కడ పడుతోంది?

మాటలు మార్చేలోపు చేతి సంగతి చూద్దామనుకున్నాను. నేను 50 మాటలు చెప్పడం, పాప నొక్కడం. 40 గడుల బోర్డు మీద 50లో 23 తప్పు. గురి కుదరడం లేదని అనుకున్నాను. అది కూడా తప్పే.

ఎలా కొలిచానంటే:

1. సెట్టింగుల్లో ‘అబౌట్ ట్యాబ్లెట్’ తెరిచి బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కాలి. డెవలపర్ ఆప్షన్లు వస్తాయి.
2. అందులో ‘పాయింటర్ లొకేషన్’ పెట్టాలి. వేలు ఎక్కడ తగిలిందో, ఎటు జారిందో తెర మీద గీత పడుతుంది.
3. ఫోన్‌తో వీడియో తీసి తర్వాత నెమ్మదిగా చూడాలి.

వీడియోలో చూస్తే చాలాసార్లు కణుపు సరైన గడి మీదే పడింది. పడ్డాక చెయ్యి కుడివైపు కిందికి 8 నుంచి 10 మి.మీ. జారుతోంది. జారితే యాప్ దాన్ని నొక్కుగా లెక్కపెట్టదు, లేదంటే పక్క గడిలో లేచినట్టు తీసుకుంటుంది. అంటే పిల్ల చూపులో లోపం లేదు, గురిలో లోపం లేదు. నొక్కాక వేలు ఆగడానికి ఆసరా కావాలి.

గడులు 24కి తగ్గించాను (అడ్డంగా 6, నిలువుగా 4). ఒక్కో గడి 27×20 నుంచి 36×25 మి.మీ. అయింది. 50లో 14 తప్పు. ఇంకా ఎక్కువే.

ఇంకో సంగతి. చొంగ చుక్క తెర మీద పడితే ట్యాబ్ దాన్ని కూడా వేలే అనుకుంటుంది. “నొప్పి నొప్పి నొప్పి” అని ఒకసారి ట్యాబే పలికింది, మా అక్క వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. ట్యాబ్ యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో వెంటవెంటనే పడే నొక్కులను వదిలేసే ఏర్పాటు ఉంది. 0.6 సెకన్లకు పెట్టాను. మెడలో మెత్తటి చేతిరుమాలు ఎప్పుడూ ఉంటోంది.

దశ 3: కంతల పలక, మూడుసార్లు

వేలు జారకుండా తెర మీద కంతలున్న అక్రిలిక్ పలక పెడతారు. కీగార్డ్ అంటారు, మా ఇంట్లో కంతల పలక. ఒక్కో గడి మీద ఒక్కో కంత. చెయ్యి పలక మీద ఆనించుకోవచ్చు, వేలు కంతలో దిగితే గోడలు ఆపుతాయి. షాపుల నేమ్‌బోర్డులు కోసే లేజర్ దుకాణంలో చేయించాను.

మొదటిది: 2 మి.మీ. మందం, కంతల మూలలు పదునుగా. మధ్యలో వంగింది. తొమ్మిదో రోజు ఒక మూల నుంచి పగులు పారింది. రూ. 350.

రెండోది: 3 మి.మీ., మూలలు 4 మి.మీ. గుండ్రం. పలక గట్టిగా ఉంది, కానీ కంతలన్నీ గడులకు దాదాపు 9 మి.మీ. తేడాగా వచ్చాయి. దుకాణం వాళ్ళ తప్పు కాదు, నాదే. బ్రౌజర్లో బోర్డు తెరిచినప్పుడు కొలతలు తీసుకున్నాను. తర్వాత సీబోర్డ్‌ను హోం స్క్రీన్ మీద యాప్‌లా పెట్టుకున్నాను. అప్పుడు పైన అడ్రస్ పట్టీ పోయి, గడులు ఆ జాగాలోకి జరిగాయి. రూ. 480 పోయింది, పాప ఇంకో వారం ఆగాల్సొచ్చింది. డబ్బు కంటే ఆ వారం నన్ను ఎక్కువ బాధపెట్టింది.

మూడోది: ఇలా చేస్తే కుదిరింది.

1. ముందు యాప్‌ను చివరికి ఎలా వాడతారో అలా పెట్టుకోండి. అక్షరాల సైజు, గడుల సంఖ్య ఇక మార్చకండి.
2. కొలతలు స్క్రీన్‌షాట్ మీద కాదు, తెర మీద ట్రేసింగ్ కాగితం పెట్టి పెన్సిల్‌తో తీయండి.
3. ఆ కాగితాన్ని అట్టముక్క మీద అంటించి, బ్లేడుతో కంతలు కోసి, రెండు రోజులు అట్టతోనే వాడి చూడండి.
4. అప్పుడు దుకాణానికి వెళ్ళండి. మాకు కంత 30×20 మి.మీ., కంతల మధ్య గోడలు అడ్డంగా 6, నిలువుగా 5 మి.మీ.
5. కంతల అంచులను ఎమరీ కాగితంతో రుద్దండి. రుద్దకపోతే కణుపు గీసుకుపోతుంది. మా పాపకు మొదటి పలకతో చర్మం లేచింది.

వెల్క్రోతో అంటిస్తే పలక పైకి లేచి, పక్కనుంచి చూస్తే బొమ్మ సగం కనబడలేదు. దర్జీ దుకాణంలో దొరికే ఎలాస్టిక్ పట్టీలు నాలుగు మూలలా బిగించాను. స్టాండు వాలు 35 డిగ్రీల దగ్గర ఆగింది. పడుకోబెడితే ట్యూబ్‌లైట్ మెరుపు, నిలబెడితే చెయ్యి అలసిపోయి పడిపోవడం.

50లో 5 తప్పు. రెండో వారం కొలిస్తే 3.

ఖర్చు ఇప్పటిదాకా: 14,700 + పలకలు 1,310 + పట్టీలు, ఎమరీ 60. మొత్తం రూ. 16,070.

దశ 4: తెలుగులో ఆలోచించి బోర్డు మళ్ళీ కట్టాం

ఈసారి జాబితా ఎక్కడినుంచీ తీసుకోలేదు. అక్క, భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సర్కారు నడిపే కేంద్రం) రిసోర్స్ టీచర్, నేను మూడు రోజులు పాప తోటి పిల్లల మాటలు విని రాసుకున్నాం. మధ్యాహ్న భోజనం దగ్గర, రిక్షాలో, మా వాకిట్లో. ఆరో తరగతి పిల్లలు అసలేం మాట్లాడుకుంటారు? “నాది నాకియ్యి.” “జర ఆగు.” “వాడే ముందు కొట్టిండు.” “నేను చెప్త, నేను చెప్త.” “అది కాదే.” నీళ్ళు కావాలన్న మాట మూడు రోజుల్లో రెండుసార్లు వినబడింది.

కొత్త మొదటి పేజీ:

1. పై వరస: నాకు, నేను, నువ్వు, మేడమ్, ఏంటి, మళ్ళీ చెప్పు.
2. రెండో వరస ఆరు పనులు: తిను, పో, చెయ్యి, చెప్పు, చూడు, ఇయ్యి.
3. మూడో వరస: కావాలి, మంచిగుంది, నొప్పి, బడి, ఇల్లు, మనుషులు.
4. కింది వరస, చేతికి అన్నిటికంటే దగ్గర: వద్దు, లేదు, కాదు, రాదు, చాలు, ‘ఆగు, నా మాట అయిపోలే’.

పని గడి నొక్కితే ఆరు గడుల పేజీ తెరుచుకుంటుంది. ‘పో’ నొక్కితే: పోయిన, పోత, పోను, పోలే, పోవాలె, పోదాం. ‘తిను’ నొక్కితే: తిన్న, తింట, తినను, తినలే, తినాలె, తిందాం. ఏ పనికైనా జరిగిపోయింది ఎడమ పైమూలే, ‘దాం’ కుడి కిందిమూలే. జాగా మారదు. చూడకుండానే చెయ్యి అటు పోవాలి. మొదట వాడుకను బట్టి గడులు అటూ ఇటూ మార్చాను, రెండు రోజులు వెనక్కి పోయాం. మళ్ళీ ముట్టుకోలేదు.

‘వెళ్తాను’ అని పెడితే పాప నొక్కలేదు. ఇంట్లో ఎవరూ అలా అనరు. గడి మీద ‘పోత’ అనే ఉంది. పలకడానికి మాత్రం ‘పోతా’ అని దీర్ఘంతో రాశాను, గొంతు అప్పుడే సాఫీగా వచ్చింది. ‘వద్దు’ను పలికేచోట ‘ఒద్దు’ అని రాశాను.

మర్యాద సంగతి నాకు తట్టలేదు, అక్కే పట్టుకుంది. మేడమ్ ఇంటికొచ్చినప్పుడు పాప ‘మేడమ్’, ‘ఇటు రా’ నొక్కింది. “మేడమ్, ఇటు రా” అని ట్యాబ్ గట్టిగా అంది. పాప సిగ్గుతో తల దించుకుంది. నోటితో మాట్లాడే పిల్ల ఆ తప్పు చెయ్యదు, నేను పెట్టని మాట ఆమె ఎలా అంటుంది? ఇప్పుడు ‘మేడమ్’ నొక్కితే వేరే పేజీ: రండి, చూడండి, చెప్పండి, నాకు అర్థం కాలేదండి.

ఇక మా వంతు. బోర్డు పిల్ల ముందు పెట్టి మాట్లాడమంటే రాదు. ఇంట్లోవాళ్ళు కూడా దాని మీదే నొక్కుతూ మాట్లాడాలని థెరపిస్టు గట్టిగా చెప్పారు. పిల్లలు మాట నేర్చేది విని, ఇది నేర్చేది చూసి. రాత్రి అన్నాల దగ్గర పది నిమిషాలు అందరం బోర్డు మీదే. మా అమ్మకు మొదట భయం: “యంత్రం అలవాటైతే ఉన్న నాలుగు మాటలు కూడా పోతయి.” ఈ భయం చాలా ఇళ్ళలో ఉంటుంది. 2006లో మిల్లర్, లైట్, ష్లాసర్ అనే పరిశోధకులు ఇలాంటి సాధనాల మీద వచ్చిన పాత అధ్యయనాలను జల్లెడ పట్టి చూసినప్పుడు, గట్టి ఆధారమున్న 27 మందిలో ఒక్కరికీ మాట తగ్గలేదు, ఎక్కువమందికి కొంత పెరిగింది. అమ్మకు ఆ లెక్క చెప్పాను. అంతకంటే, పదో రోజు పాప ‘దొండకాయ’, ‘వద్దు’, ‘చాలు’ నొక్కినప్పుడు అమ్మ చెయ్యి గరిటతో అలాగే ఆగింది. ఆరేళ్ళుగా వారానికి రెండుసార్లు తినిపిస్తున్నాం. తనకు అది నచ్చదని మాలో ఎవరికీ తెలియదు.

మాటల మొత్తం: 114. తొమ్మిదో వారం రోజుకు సగటున 64 నొక్కులు, అందులో 40 తనంతట తాను.

దశ 5: చప్పుడు

క్లాసులో 50 మందికి పైన, మూడు ఫ్యాన్లు. ఫోన్ యాప్‌తో కొలిస్తే క్లాసు చప్పుడు 68 డెసిబెల్స్, మూడు మీటర్ల దూరంలో ట్యాబ్ గొంతు 62. అంటే ఎవరికీ వినబడదు.

బ్లూటూత్ స్పీకర్ కొన్నాను. వినబడింది, కానీ కొద్దిసేపు మాట లేకపోతే ఆ స్పీకర్ నిద్రపోతుంది, లేచేలోపు మొదటి అక్షరం మింగేస్తుంది. ‘రాలేదు’ కాస్తా ‘లేదు’ అయింది. “అమ్మ వచ్చిందా?” “లేదు” అంటే ఫరవాలేదు. ‘కావాలి’ ‘వాలి’గా వినబడింది. మాట్లాడటానికే ఇంత కష్టపడే పిల్ల నోట్లోంచి మళ్ళీ అక్షరం తీసెయ్యడం నాకు మనసొప్పలేదు. కోఠీ గుజరాతీ గల్లీలో రూ. 450కి తీగ స్పీకర్ తెచ్చి, కుర్చీ చేతికి బిగించాను. ఆ ఇబ్బంది పోయింది.

ఇంకొకటి: బడిలో నెట్ ఉండదు. మొదటి రోజు గడి నొక్కితే గొంతే రాలేదు. సెట్టింగుల్లో టెక్స్ట్ టు స్పీచ్ తెరిచి తెలుగు గొంతును ముందే ట్యాబ్‌లోకి దింపుకోవాలి. తర్వాత ఏరోప్లేన్ మోడ్ పెట్టి ఇంట్లోనే సరిచూడండి.

ఖర్చు ఇప్పటిదాకా: 16,070 + బ్లూటూత్ స్పీకర్ 1,100 + తీగ స్పీకర్ 450. మొత్తం రూ. 17,620.

దశ 6: బడి

ట్యాబ్ కూడా ఫోన్ లాంటిదే, లోపలికి వద్దన్నారు. వాదించలేదు, ఉత్తరం రాశాం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్లో, మాట ఇబ్బంది ఉన్నవారి రోజువారీ అవసరాలకు ప్రత్యామ్నాయ సంభాషణ పద్ధతుల వాడకాన్ని ప్రోత్సహించాలని ఉంది. ఆ సెక్షన్, థెరపిస్టు చీటీ, ‘ఇందులో ఆటలు, నెట్ లేవు’ అని ఒక వాక్యం. స్క్రీన్ పిన్ చేసి, అంటే వేరే యాప్‌కు పోకుండా తెరను కట్టేసి చూపించాం. ఎనిమిది రోజులకు ఒప్పుకున్నారు. మీరు బడి తెరవకముందే రాసుకోండి.

క్లాసులో అసలు చిక్కు వేళ. హాజరు పిలిచేటప్పుడు ఒక్కో నంబరుకు రెండు సెకన్లు, పాపకు గడి నొక్కడానికి ఆరు. ‘ప్రెజెంట్ మేడమ్’ పలికేసరికి ఇంకెవరి నంబరో నడుస్తోంది. దీనికి నా దగ్గర ఏ సెట్టింగూ లేదు. పాపది 19. పక్క బెంచీ అమ్మాయి తనే ఒక పద్ధతి పెట్టింది: 16 అనగానే పాప మోచేతి మీద తడుతుంది. చెయ్యి బయల్దేరుతుంది. 17, 18. 19 అనేసరికి కణుపు కంతలో ఉంటుంది.

ప్రశ్నలప్పుడు మేడమ్ జవాబు కోసం సగటున నాలుగు సెకన్లు ఆగేవారు, పాపకు నాలుగు గడుల వాక్యానికి 26 పట్టేది. అది కొలిచి చూపిస్తే ఆమె కాసేపు ఏమీ అనలేదు. ఇప్పుడు పాపను అడిగి, మిగతావాళ్ళతో ఒక లెక్క చేయించి, మళ్ళీ పాప దగ్గరికి వస్తున్నారు.

ట్యాబ్ చార్జింగ్ అయిపోయిన రోజు కోసం పీడీఎఫ్ అచ్చు తీసి లామినేషన్ చేయించిన నాలుగు కాగితపు బోర్డులు: బ్యాగులో, క్లాసులో, ఇంట్లో, భవిత కేంద్రంలో. రూ. 160. మొత్తం రూ. 17,780.

దశ 7: ఎవరి గొంతు?

ట్యాబ్ గొంతు పెద్దావిడది. చిన్నపిల్ల గొంతుంటే బాగుంటుందని పక్కింటి అమ్మాయి చేత ఒక ఆదివారం గడులకు మాటలు రికార్డు చేయించాను. చక్కగా పలికింది. సోమవారం, మంగళవారం పాప ఆ గడులేవీ నొక్కలేదు. బుధవారం అక్క అడిగితే రెండు నొక్కింది: ‘నేను’, ‘కాదు’.

వెంటనే తీసేశాను. స్టీఫెన్ హాకింగ్ కూడా మెరుగైన గొంతులు వచ్చాక తన పాత యంత్రపు గొంతే ఉంచుకున్నాడు, అదే తన గొంతన్నాడు. నేను అడక్కుండా చేశాను, అదే తప్పు. ఇప్పుడు సెట్టింగుల్లో స్వరం ఎత్తును పాపే జరుపుకుంది, మామూలు కంటే కొంచెం పైన ఆగింది. మేం ఎవరం దాన్ని కదపం.

దశ 8: ఇప్పుడు నడుస్తున్నది

వారానికోసారి పాప కొత్త మాటలు అడుగుతుంది. బొమ్మ చూపిస్తుంది, లేదా మొదటి అక్షరం నేల మీద గీస్తుంది. ఇలా 23 చేరాయి. బోనాలప్పుడు ‘పోతరాజు’, వినాయక చవితికి ‘లడ్డు’, ఒక తమ్ముడి పేరు, మూడు తిట్లు. తిట్ల గురించి ఇంట్లో రెండు రోజులు చర్చ జరిగింది. ఆరో తరగతి పిల్లలందరికీ ఉన్న మాటలు ఈ పిల్లకు ఎందుకు ఉండకూడదని నేనన్నాను. అక్క ఒప్పుకుంది, అమ్మ ఒప్పుకోలేదు. అవి ‘మనుషులు’ పేజీలో ఉన్నాయి.

పోయిన వారం అడిగింది మాట కాదు. పక్క బెంచీ అమ్మాయి చెవి దగ్గర నోరు పెట్టి చూపించి, స్పీకర్ వైపు చూసి, ‘వద్దు’ నొక్కింది. గుసగుసగా మాట్లాడాలి. క్లాసంతా వినే గొంతుతో ఎవరితో ఏం రహస్యం చెప్పగలదు?

స్పీకర్ తీగ మధ్యలో, కణుపుతో నొక్కగలిగే పెద్ద మీట పెట్టి స్పీకర్ కట్ చేశాను. కుదరలేదు. జాక్ ట్యాబ్‌లో ఉన్నంతసేపు ట్యాబ్ సొంత స్పీకర్ పలకదు, పూర్తిగా మూగైంది. రెండో ప్రయత్నంలో మీటను రెండు దారులుగా మార్చాను: ఒకవైపు పెద్ద స్పీకర్, ఇంకోవైపు పాత ఇయర్‌ఫోన్ ముక్క. ఆ ముక్క పక్క అమ్మాయి చెవిలో ఉంటుంది. మీట, జాక్ కలిపి రూ. 90.

మొత్తం ఖర్చు: రూ. 17,870. మాటల మొత్తం: 137. తప్పు నొక్కులు: 50లో 3.

మిగిలిన పని: మీట కుర్చీకి ఎడమవైపు ఉంది, చెయ్యి అందడం లేదు, కుడివైపుకు మార్చాలి. ‘చెయ్యి’ పేజీలో ‘చెయ్యలే’, ‘చెయ్యాలె’ బొమ్మలు ఒకేలా ఉన్నాయి, ఒకటి మార్చాలి. ఇయర్‌ఫోన్ రబ్బరు టోపీలు ఇంకో జత కొనాలి, ఆ అమ్మాయితోపాటు వెనక బెంచీ అమ్మాయి కూడా అడుగుతోందట.